పావడా అంచులో కిలో మూడు వందల గ్రాములు

2018 మార్చి నాటికి నేను అనంతపురం శివార్లలోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో, పిల్లల గుండె శస్త్రచికిత్స విభాగానికి చీఫ్ పెర్‌ఫ్యూజనిస్టును. చీఫ్ అంటే కింద పదిమంది ఉంటారని శింగనమల దగ్గరి మా ఊళ్ళో ఇప్పటికీ నమ్ముతారు. నా కింద ఉన్నది చక్రాల స్టూలు ఒక్కటే. అంతకుముందు చాలా ఏళ్ళు బెంగళూరులో పెద్దవాళ్ళ గుండె ఆపరేషన్లలో పనిచేశాను. సొంత జిల్లాకు సేవ చేద్దామని తిరిగి వచ్చానని అందరికీ చెప్పేవాణ్ణి. వచ్చింది బెంగళూరు ట్రాఫిక్ భరించలేక.

పెర్‌ఫ్యూజనిస్టు అంటే ఏమిటో చెప్పాలి. గుండె లోపల కుట్టు వేయాలంటే అది కదలకుండా ఉండాలి, లోపల రక్తం ఉండకూడదు. అంతసేపూ ఒంట్లోని రక్తాన్ని గొట్టాల ద్వారా బయటికి తీసి, ఆక్సిజన్ కలిపి, తిరిగి ఒంట్లోకి పంపే యంత్రం ఒకటుంటుంది. దాన్ని నడిపేవాణ్ణి నేను. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే, ‘గుండెలు ఆపుతుంటాను’ అనేవాణ్ణి. పక్క విస్తరి వాళ్ళు కొంచెం జరిగి కూర్చునేవాళ్ళు. నిజానికి ఎప్పుడు ఆపాలో సర్జన్ చెబుతుంది, చల్లటి మందు నేను పంపుతాను. తిరిగి కొట్టుకోవడమనేది గుండె తనంతట తాను చేసుకునే పని. అందులో నా గొప్ప ఏమీ లేదు. ఉన్నట్టు చాలాకాలం చెప్పుకున్నాను.

మా సర్జన్ డాక్టర్ పద్మజ. గుంటూరు వైపు మనిషి, మాట తక్కువ. నన్ను ‘ఓబులేసు గారూ’ అని పిలిచేది. ఆవిడ గారూ అన్నప్పుడల్లా నేను ఏదో తప్పు చేశానని అర్థం, తప్పు లేని రోజు అసలు పిలిచేదే కాదు.

ఆ ఏడాది జనవరిలో ధర్మవరం నుంచి చౌడమ్మ అనే అవ్వ మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. పట్టుచీరలు నేసే కుటుంబం. పాప పేరు లిఖిత, రెండేళ్ళు దాటాయి. తల్లి ఏడో నెల గర్భిణి, తండ్రి రామాంజులు మగ్గం వదిలి రాలేడు, కాబట్టి ఆసుపత్రుల వెంట తిరిగేది అవ్వే. పాప గుండె కింది గదుల మధ్య గోడలో పుట్టుకతోనే ఒక రంధ్రం ఉంది. గుండె కొట్టిన ప్రతిసారీ ఒంట్లోకి పోవలసిన రక్తం కొంత ఆ రంధ్రంలోంచి ఊపిరితిత్తుల వైపు దూకుతుంది. అలాంటి బిడ్డ నాలుగు ముద్దలు తినేలోపే ఆయాసపడుతుంది, చెమటలు కక్కుతుంది, బరువు పెరగదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. అంత రక్తం ఒత్తిడికి ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు మెల్లగా గట్టిపడతాయి. ఒక హద్దు దాటిందంటే ఇక రంధ్రం మూయకూడదు, మూస్తే ప్రాణం పోతుంది. లిఖిత ఆ హద్దుకు ఎంతో దూరంలో లేదని ఎకో పరీక్ష చెప్పింది.

అయినా మేము వెంటనే తేదీ ఇవ్వలేదు. మా విభాగంలో పది కిలోల నియమం ఉండేది. మా దగ్గరున్న గొట్టాల సెట్టు నింపడానికే ముప్పావు లీటరు దాకా ద్రవం పట్టేది. తొమ్మిది కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తమే దాదాపు అంత. రెండూ కలిస్తే రక్తం పలచబడి రంగు నీళ్ళవుతుంది. అందుకని పది కిలోల లోపు పిల్లలను బెంగళూరు పంపేవాళ్ళం. లిఖిత కూడా బెంగళూరు వెళ్ళింది. అక్కడ ఇచ్చిన తేదీ ఎనిమిది నెలల తరువాత. చౌడమ్మ ఆ కాగితం మడిచి రొంటిలో దోపుకుని మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. డాక్టర్ పద్మజ ఫైలంతా చూసి, బరువు పది దగ్గరికి వస్తే ఇక్కడే చేద్దాం, నెలకోసారి తీసుకురమ్మని చెప్పింది. దగ్గరికి వస్తే అన్న మాట గుర్తుపెట్టుకోండి.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్ ముందు సిమెంటు బల్ల మీద చౌడమ్మ నన్ను పట్టుకుంది. మెడలో కార్డు చూసి పెద్ద డాక్టరనుకుంది. నేను కాదనలేదు.

“పాప ఎంత తూగల్లన్నా?”

“పది కిలోలు.”

“తొమ్మిదిన్నర ఉంటే సాలదా?”

“తొమ్మిది కిలోల తొమ్మిది వందలున్నా నా మిషన్ ఒప్పుకోదవ్వా. నేను సంతకం పెడితేనే పాప లోపలికి పోయేది.”

“అట్లయితే ఆ డాక్టరమ్మ కన్నా నువ్వే పెద్దోనివా?”

నేను చిన్నగా నవ్వి టీ తాగాను. దానికి అవునని అర్థం. ఆ ఊపులోనే వేరుశనగ గింజలు వేయించి, బెల్లంతో దంచి, నెయ్యి కలిపి, రోజుకు ఆరుసార్లు గోలీకాయంత ముద్దలు పెట్టమని సలహా కూడా ఇచ్చాను. ఆహారం చెప్పడానికి మా దగ్గర వేరే ఉద్యోగి ఉన్నారు. ఆమె ఆ రోజు సెలవులో లేదు. పక్క గదిలోనే ఉంది.

ఫిబ్రవరిలో పాప బరువు ఎనిమిది కిలోల ఏడు వందలు. మార్చిలో పది కిలోల వంద.

ఓపీలో తూచిన నర్సు రెండుసార్లు తూచింది. పావడా విప్పుదామంటే చౌడమ్మ చెయ్యి అడ్డం పెట్టిందట. “గాలి తగిలితే దగ్గు పట్టుకుంటాది తల్లీ. దగ్గుంటే ఆపరేషన్ చేయము అని మల్ల మీరే అంటారు” అన్నదట. అది నిజమే కాబట్టి నర్సు ఊరుకుంది. నా దాకా అంకె మాత్రమే వచ్చింది. ఆ అంకె చూసి నేను ఎంత పొంగిపోయానో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. కిలోన్నర దాకా పెరుగుదల, అదీ ఒక్క నెలలో, నా వేరుశనగ ముద్దలతో. ఫార్మసీలో చెప్పాను, రక్తనిధిలో చెప్పాను, లిఫ్టు దగ్గర కాపలా మనిషికి కూడా చెప్పాను. గుండె జబ్బు బిడ్డ నెలలో అంత పెరగదని నాకు తెలియదా అంటే, తెలుసు. ముప్పై ఏళ్ళు ఈ పనిలో ఉన్నవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? పొగడ్త చెవిలో పడుతున్నప్పుడు తెలిసినవి కొన్ని అడుగుకు పోతాయి.

ఇక్కడ పద్ధతి ఒకటి చెప్పాలి. ఆపరేషన్‌కు ముందురోజు పెర్‌ఫ్యూజనిస్టు స్వయంగా బిడ్డను తూచి, పొడవు కొలిచి, తన పత్రంలో రాసుకుని సంతకం చేయాలి. యంత్రం నిమిషానికి ఎంత రక్తం తిప్పాలి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎంత ఇవ్వాలి, గొట్టాల్లో దాత రక్తం ఎంత కలపాలి, అన్నీ ఆ బరువు మీద కట్టిన లెక్కలే. సంతకం చేశానంటే తూచానని అర్థం.

ఆపరేషన్ రోజు ఉదయం, థియేటర్ ముందు హాల్లో లిఖితను చూడగానే నాకు అనుమానం వచ్చింది. ముప్పై ఏళ్ళ అనుభవం. పిక్కలు చూశాను, భుజాలు చూశాను. ఈ బిడ్డ పది కిలోలు లేదని, తొమ్మిది కూడా లేదని ఒక్క చూపులో తేల్చి, అంతా ఆపండి అన్నాను.

ఈ పేరా నా పదవీ విరమణ సభలో చెప్పింది చెప్పినట్టు ఇక్కడ దించాను. ఆ సభలో రెండో వరుసలో ఆయా మస్తానమ్మ కూర్చుని ఉంది. నేను ‘ఒక్క చూపులో’ అనేసరికి చేతిలోని వడ తిరిగి ప్లేటులో పెట్టి నా వైపే చూసింది. సభ అయ్యాక నాకు కనబడకుండా వెళ్ళిపోయింది. అందుకని, జరిగింది ఇప్పుడు రాస్తున్నాను.

ముందురోజు నేను పాపను తూచలేదు. క్యాంటీన్‌లో వేరుశనగ ముద్దల కథ మూడోసారో నాలుగోసారో చెబుతూ కూర్చుని, ఫైల్లోని పది కిలోల వందను నా పత్రంలోకి ఎక్కించి సంతకం పెట్టాను. ఉదయం పాప వచ్చేటప్పటికి నేను పిక్కలూ చూడలేదు, భుజాలూ చూడలేదు. గొట్టాల సెట్టు బిగిస్తున్నాను.

పాప బట్టలు మార్చి ఆసుపత్రి గౌను తొడిగింది మస్తానమ్మ. ఆపరేషన్‌కు పోయే పిల్లలను వార్డు నుంచి ఎత్తుకొచ్చేది ఆమే, ఫిబ్రవరిలో ఈ పాపను తూకానికి ఎత్తింది కూడా ఆమే. ఆమె నా తలుపు దగ్గర నిలబడింది.

“అన్నా, ఈ పాప పోయిన నెల ఎంతుండాదో ఇప్పుడూ అంతే ఉండాది.”

“పది కిలోల వంద. రాసినాను చూడు.”

“రాసింది నువ్వు గదా. ఎత్తింది నేను.”

“నీ పని నువ్వు చూసుకో మస్తానమ్మా.”

ఆమె చేతిలో మడిచి పట్టుకున్న పట్టుపావడాను నా స్టీలు ట్రే మీద పెట్టింది. అది గుడ్డ పడ్డ చప్పుడు కాదు.

పావడా అంచు రెండు పొరలుగా మడిచి కుట్టి ఉంది. చాలా నీటైన కుట్టు. కత్తెరతో విప్పితే లోపల పెన్సిలు పొడవు సన్నటి ఇనుప కడ్డీలు, ఒక్కోటి గుడ్డపీలికలో చుట్టి, చప్పుడు కాకుండా వరసగా పేర్చి ఉన్నాయి. నడుం పట్టీలో ఇంకొన్ని. పట్టుమగ్గం మీద చీర అంచుకు బొమ్మలు లేపే జాకార్డు దారాలకు కింద వేలాడదీసే బరువులవి. తూచాను. ఈసారి తూచాను. కిలో మూడు వందల గ్రాములు. గౌనుతో పాప ఎనిమిది కిలోల ఎనిమిది వందలు. గౌను తీసేస్తే ఇంకా తక్కువ. నా వేరుశనగ ముద్దల వాటా, ఉంటే గింటే, ఒక నిమ్మకాయంత.

ఆ తరువాత రెండు నిమిషాలు నేను ఏం ఆలోచించానో కూడా రాయాలి. లెక్కలు చేతిలోనే ఉన్నాయి. అంకె కొట్టేసి కొత్తది రాసుకోవచ్చు, హెపారిన్ తగ్గించవచ్చు, రక్తనిధి నుంచి ఇంకో సంచి తెప్పించి కలపవచ్చు, ఎవరికీ తెలియదు. ఆ బరువుకు ఆ సెట్టుతో గట్టెక్కిన పిల్లలు ఉన్నారు, గట్టెక్కనివాళ్ళూ ఉన్నారు. సర్జన్‌కు చెప్పానంటే నా సంతకం బయటపడుతుంది. చివరికి వెళ్ళి చెప్పాను. మనస్సాక్షి అని చెప్పుకోవచ్చు గానీ, మస్తానమ్మ పాపను ఎత్తుకుని తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది. ఆమెను దాటకుండా థియేటర్‌లోకి దారి లేదు.

డాక్టర్ పద్మజ చేతులు కడుక్కుంటున్నది. నేను చెప్పింది పూర్తిగా విని, కుళాయి కట్టేసి, “ఓబులేసు గారూ, నిన్న మీరు తూచారా?” అని అడిగింది. తూచలేదన్నాను. సంతకం ఉంది కదా అన్నది. ఉందన్నాను. పాపకు ఇంకా మత్తు ఇవ్వలేదు కాబట్టి ఆపరేషన్ రద్దయింది. కారణం గడిలో ఆవిడ ‘బరువు సరిచూడలేదు’ అని రాసి నా ముందు పెట్టింది. దాని కింద సంతకం చేశాను. నిజంగా జరిగినదానికి నేను చేసిన సంతకం ఆ ఫైల్లో అదొక్కటే.

చౌడమ్మను పిలిపించారు. నేను కోపంగా మొదలుపెట్టాను. ఈ కడ్డీల వల్ల పాప ప్రాణం పోయుండేదని తెలుసా అన్నాను. ఆమె కడ్డీల వైపు చూసి, నా వైపు చూసి, నిదానంగా అడిగింది.

“నువ్వే చెప్తివి గదప్పా, తొమ్మిది కిలోల తొమ్మిది వందలున్నా ఒప్పుకోనని.”

“ఒప్పుకోనంటే ఇనుము కట్టుకుని రమ్మనా?”

“మరేం చేయల్ల? రోంత తిన్యాక ఎగశ్వాస పెడతాది. తింటేనే గదా కండ పట్టేది. ఎందుకు తినలేదంటే బొక్క ఉందంటారు. బొక్క మూయండంటే తూకం రాలేదంటారు. బొక్క ఉన్నంత కాలం తూకం యాడ నుంచి వస్తాది? మీరు సదువుకున్నోళ్ళు, మీరే చెప్పండి.”

నేను టేబుల్ మీది కడ్డీలను వరసగా పేర్చడం మొదలుపెట్టాను.

అంతలో రామాంజులు వచ్చాడు. విషయం తెలిసి రాలేదు, ఆపరేషన్ రోజు కదా అని వచ్చాడు. టేబుల్ మీద కడ్డీలు చూసి ముందు వాటినే చేతిలోకి తీసుకున్నాడు.

“ఇవి ఈడికెట్ల వచ్చినాయి? వారం నుంచి అంచులో హంసలకు కాళ్ళు రావడంల్యా. మిషన్ చెడిపోయిందని విప్పి విప్పి సస్తాండా.”

“పాత డబ్బాలో ఉండేవి సాలలేదురా,” అన్నది చౌడమ్మ. “మగ్గానివి గూడా తీసినా.”

“ఒక మాట చెప్తే నేనే తీసిస్తాంటి గదమ్మా.”

డాక్టర్ పద్మజ నవ్వడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. వెంటనే ఆపుకుని, నన్ను బయటికి పిలిచి ఒకే ప్రశ్న వేసింది. పది కిలోల నియమం ఎవరు పెట్టారు?

ఇదే అసలు సంగతి. పదవీ విరమణ సభలో చెప్పనిది.

నియమం పెట్టింది నేను. పసిపిల్లలకు వాడే చిన్న సెట్లు అప్పటికే మార్కెట్లో ఉన్నాయి. పావు లీటరు ద్రవంతో నిండుతాయి. విభాగం తెరిచినప్పుడు ఏమేం కావాలో జాబితా అడిగితే, రెండు సైజులు చాలని రాసిచ్చాను. చిన్న సెట్టు నడపాలంటే చెయ్యి చాలా సూక్ష్మంగా ఆడాలి. యంత్రంలో రక్తం వచ్చి నిలిచే తొట్టిలో మట్టం చూస్తుండగానే అడుగంటుతుంది, రెప్పపాటు ఆలస్యమైతే గాలిబుడగ లోపలికి పోతుంది. బెంగళూరులో నేను చూసినవన్నీ పెద్ద గుండెలు. శిక్షణ రోజుల్లో తప్ప చిన్న సెట్టు ముట్టుకోలేదు. ఆ మాట చెప్పడానికి చీఫ్ అన్న బోర్డు అడ్డం వచ్చింది. దాంతో నా భయానికి కిలోల్లో ఒక అంకె ఇచ్చి, గోడ మీద అంటించాను. రెండేళ్ళలో అది నియమమైపోయింది. డాక్టర్లు కూడా అది యంత్రం హద్దు అనుకున్నారు. చౌడమ్మ ఒక్కతే దాన్ని నమ్మాల్సినదానికంటే ఎక్కువ నమ్మింది.

నేనే పెట్టానని ఒప్పుకున్నాను. చిన్న సెట్టు తెప్పిస్తే నడపగలరా అని అడిగింది ఆవిడ. “నిద్రలో లేపినా నడుపుతాను మేడమ్” అన్నాను. అలవాటు.

మెట్లు దిగగానే బెంగళూరులో నాతో చదివిన శ్రీకంఠకు ఫోన్ చేశాను. పిల్లల ఆసుపత్రిలో చిన్న సెట్లే అతని పని. సంగతి చెప్పాను. అతను కన్నడంలో తీరిగ్గా తిట్టి, రెండు సెట్లు పంపిస్తాను, ఒకటి పాపకు, ఒకటి నీ నేర్పుకు అన్నాడు. మూడోరోజు పెట్టె ఆర్టీసీ బస్సులో వచ్చింది. బస్టాండులో అరగంట ముందే నిలబడ్డాను. నాలుగు రోజులు స్టోరు గదిలో ఆ సెట్టులో ఉప్పునీళ్ళు నింపి తిప్పాను. మొదటిరోజు గాలి లోపలికి పోయింది. పక్కన చూస్తున్న మస్తానమ్మ అడిగింది.

“ఏమన్నా, పాప పోయిండేనా ఇప్పుడు?”

“పోయిండేది.”

“అట్లయితే మల్ల తిప్పు.”

మళ్ళీ తిప్పాను. రెండోరోజు ఒకసారి పోయింది. మూడోరోజు, నాలుగోరోజు పోలేదు.

పదో రోజున ఆపరేషన్. ముందురోజు పాపను నేనే తూచాను, మొలతాడు కూడా తీయించి. ఎనిమిది కిలోల ఏడు వందల యాభై. శ్రీకంఠ సెలవు పెట్టుకుని వచ్చి నా వెనక నిలబడ్డాడు. రంధ్రానికి చిన్న గుడ్డముక్కలాంటి అతుకు వేసి కుట్టడానికి డాక్టర్ పద్మజకు నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ నేను తొట్టిలో మట్టం మీది నుంచి కన్ను తీయలేదు. పెళ్ళిళ్ళలో చెప్పుకోవడానికి ఏమీ జరగలేదు. ఒకచోట మట్టం వేలెడు పడిపోయింది. శ్రీకంఠ నా భుజం మీద చెయ్యి వేసేలోపే గొట్టం సర్దాను. రక్తనాళం మీది బిగింపు తీశాక గుండె కాసేపు వణికింది, తరువాత కొట్టుకుంది. యంత్రం నుంచి విడదీశాం. లేవబోతే స్టూలు నాతోపాటు లేచింది. చెమటకు ప్యాంటు అతుక్కుపోయింది.

తొమ్మిదో రోజు డిశ్చార్జి. అంతకుముందే రామాంజులు, రద్దు ఫైలుతోపాటు మేము ఉంచేసుకున్న కడ్డీల కోసం వచ్చాడు. మగ్గం నిలిచిపోయి ఉందన్నాడు. లెక్కపెట్టి ఇచ్చాను. ఒకటి తక్కువైందన్నాడు. ఎక్కడ పడిపోయిందో తెలియదన్నాను. అది నా దగ్గరే ఉంది, ఇప్పుడూ ఉంది. దాన్ని జ్ఞాపకచిహ్నం అనవచ్చు. రామాంజులు దాన్ని దొంగతనమే అంటాడు, అతని మాటే సరైనది. ఆ చీరలో ఒక హంసకు కాలు రాకపోయి ఉంటే కారణం నేను.

ఆ నెలలోనే గోడ మీది కాగితం చింపేశాను. చిన్న సెట్లకు ఇండెంటు రాసి, ఎందుకు ఆలస్యమైందో కూడా కింద రెండు వాక్యాలు రాశాను. నేను రిటైరయ్యేలోపు అయిదున్నర కిలోల బిడ్డ దాకా మా దగ్గరే చేశాం. అప్పటికి ముందు, ఆ రెండేళ్ళలో, పది కిలోలు రాలేదని మేము వెనక్కి పంపిన పిల్లలు కొందరున్నారు. వాళ్ళలో బెంగళూరు చేరినవాళ్ళెందరో, చేరనివాళ్ళెందరో నేను విచారించలేదు. విచారించి ఉండాల్సింది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు దీని నుంచి చెప్పగలిగేవి రెండే. బిడ్డను బట్టలు తీయించి మీ చేత్తో తూచండి, తూచకుండా సంతకం పెట్టకండి. బిడ్డ తల్లిదండ్రులకు ఒక అంకె చెప్పేముందు, ఆ అంకె జబ్బుదా, యంత్రానిదా, మీ భయానిదా తేల్చుకోండి. మీ భయానిదైతే దాన్ని గోడ మీద అంటించకండి. చెప్పినది చెప్పినట్టు నమ్మి, దానికోసం మగ్గం విప్పేవాళ్ళు ఉంటారు.